ప్లాట్‌ఫారం బాబాయి చివరి రీలు

మా వీధిలో ఆయన్ని అందరూ ప్లాట్‌ఫారం బాబాయి అంటారు. రైల్వేలో పనిచేసినవాడు కాదు. అద్దాల షాపులో వ్యాను నడుపుతాడు. కిటికీ అద్దాలు, షోకేసు అద్దాలు, నిలువుటద్దాలు చెక్క చట్రానికి ఆనించి, తాళ్ళతో బిగించి, నిండు బిందె నెత్తిన పెట్టుకున్నవాడిలా గుంతలు దాటిస్తూ పోతాడు. వెనక వచ్చేవాళ్ళు హారన్లు మోగించి మోగించి, ఏదో ఒకటి అనేసి పక్కనుంచి వెళ్ళిపోతారు. ఆయన పట్టించుకోడు. జనం అనే మాటలు పట్టించుకోకుండా ఉండటం ఆయనకు వయసులో ఉన్నప్పుడే అలవాటైంది. ఆ అలవాటు ఒక సినిమా వల్ల వచ్చింది.

ఈ కథ బాబాయి చెప్పగా, పక్కనుంచి పిన్ని సరిదిద్దగా నాకు తెలిసింది. చివరి భాగం మాత్రం నేను కళ్ళారా చూశాను.

ఒకరోజు షాపు ఫిట్టరును వెంటబెట్టుకుని బాబాయి మ్యూజియంకు అద్దాలు తీసుకెళ్ళాడు. కింది అంతస్తులో పెద్ద హాలును ఏదో ప్రదర్శనకు సిద్ధం చేస్తున్నారు. కొత్త రంగు వాసన, నేలంతా పరిచిన పాత కాగితాలు, ఇంకా అద్దాలు బిగించని బల్లలు. ఇద్దరూ మొదటి అద్దం దించి బల్లకు ఆనిస్తుంటే, ఎదురు గోడ మీద పనివాళ్ళు ఒక పెద్ద ఫోటోకు కట్టిన గుడ్డ లాగేశారు. మనిషంత ఎత్తు ఫోటో. సన్నటి మీసాల కుర్రవాడు ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని రైలు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు.

బాబాయి గుండె జారిపోయింది. అద్దం జారలేదంటే అది చేతులకున్న అలవాటు.

"బాబాయ్, ఇతనెవరో అచ్చం మీలాగే ఉన్నాడే!" అన్నాడు ఫిట్టరు.

"నాలాంటివాళ్ళు బోలెడంతమంది ఉంటారు. నువ్వు ఆ అంచు చూసుకో, గీసుకుంటుంది."

ఇంతలో ఆ ప్రదర్శన పని చూస్తున్న మ్యూజియం మేడమ్ అటుగా వచ్చింది. ఫోటో సరిగ్గా తగిలించారా లేదా అని చూసి, వెనక్కి తిరిగి, బాబాయి దగ్గర ఆగిపోయింది. ఒకసారి గోడ వైపు, ఒకసారి ఆయన వైపు చూసింది.

"ఏమండీ, ఆ ఫోటోలో ఉన్నది మీరేనా?"

"కాదండీ," అన్నాడు బాబాయి. ఆవిడ చూపు తిప్పుకోలేదు. "మా అన్నయ్య."

ఆయనకు అన్నయ్య లేడు. ఉన్నది ఒక్క అక్క, అందరూ డైరెక్టరమ్మ అంటారు. ఆ హాల్లో సిద్ధమవుతున్నది ఆ అక్క తీసిన సినిమాల ప్రదర్శనే. ఆవిడ జీవితమంతా కష్టపడి తీసిన చిన్న చిన్న సినిమాలన్నిటినీ ఒకచోట చేర్చి, రోజుకొకటి వేసి చూపిస్తూ, పాత ఫోటోలు, కెమెరాలు, రాతప్రతులు అద్దాల కింద పెట్టబోతున్నారు. ఆ అద్దాలు తమ్ముడే మోసుకొచ్చాడు. అక్క ఈ సంగతి ఆయనతో ఒక్క ముక్క చెప్పలేదు.

మ్యూజియం మేడమ్‌కు మాత్రం డైరెక్టరమ్మకు ఒక్కడే తమ్ముడని బాగా తెలుసు. నవ్వు ఆపుకుంటూ "మీ అన్నయ్యగారిని ప్రారంభం రోజు తప్పకుండా రమ్మనండి" అంది.

అసలు బాబాయి సినిమాలోకి ఎలా వచ్చాడో చెప్పాలి. డైరెక్టరమ్మ అప్పటికి పట్టుదల తప్ప ఏమీ లేని మనిషి. పెద్ద కంపెనీలేవీ తలుపు తీయకపోతే, స్నేహితుల్ని పోగేసుకుని సొంతంగా మొదటి సినిమా మొదలుపెట్టింది. బాబాయి ఆ యూనిట్‌కు వ్యాను నడిపేవాడు. లైట్లు, మనుషులు, టీ ఫ్లాస్కులు అన్నీ ఆయన వ్యానులోనే. షూటింగ్ మొదలయ్యే రోజు హీరో రాలేదు. మంచి అవకాశమేదో వచ్చిందని చెప్పాపెట్టకుండా ఊరు దాటేశాడు. అక్క స్టేషన్ మెట్ల మీద కూర్చుని కాసేపు నేల చూపులు చూసి, తలెత్తి, వ్యాను తుడుస్తున్న తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరేయ్, ఆ కోటు నీకు పడుతుందేమో వేసుకో."

"దేనికి?"

"వేసుకోమన్నానా!"

కోటు పట్టింది. ఆయన బతుకు మలుపు తిరిగింది.

కథ ఏమంటే, భార్య చనిపోయిన ఒకతను పిల్లను పెంచలేనని భయపడిపోతాడు. స్టేషన్‌కు తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టి, చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టి, "ఇప్పుడే వస్తాను" అని రైలెక్కేస్తాడు. అక్కడినుంచి ఆ పిల్ల ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా గడిపిన పగలంతా సినిమా. చివర అతను మనసొప్పక తిరిగొస్తాడు. అక్క రాసింది అలాగే. తీసింది కూడా అలాగే.

ఆ తిరిగొచ్చే సీనే బాబాయి మెడకు చుట్టుకుంది. నిద్రపోతున్న పిల్లను చూసి ఏడవాలని అక్క చెప్పింది. ఆయన అంతా బాగానే చేసి, సరిగ్గా ఏడవాల్సిన చోట ఫక్కున నవ్వేశాడు. అక్క "సరే, అయిపోయింది, సర్దండి" అని పొడిగా అనేసి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. తరువాత సినిమా విడుదలైతే ఆ సీను లేదు. పిల్ల పట్టాల వైపు చూస్తూ ఉంటుంది, తెర చీకటైపోతుంది, అంతే.

"లాబ్‌లో ఆ రీలు పాడైపోయిందట్రా. మళ్ళీ తీద్దామంటే స్టేషన్ వాళ్ళు ఒప్పుకోవట్లేదు. పైగా పాపకు ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి" అంది అక్క.

బాబాయి తలూపాడు. లోపల మాత్రం నమ్మలేదు. నేను చెడగొట్టాను, నన్ను బాధపెట్టడం ఇష్టంలేక రీలు మీద పెట్టేసింది అనుకున్నాడు. ఆ మాట పైకి అడగలేదు. అడిగితే అక్క అవునంటుందేమోనని భయం.

విచిత్రమేమిటంటే ఆ చీకటి ముగింపునే లోకం మెచ్చుకుంది. ఎంత ధైర్యం, ఎంత కఠినం అని పత్రికలు రాశాయి. రీలు పోయిందని అక్క చెబితే వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు. సినిమాకు బహుమతులొచ్చాయి. సెలవురోజు మధ్యాహ్నాల్లో టీవీలో కూడా వేసేవాళ్ళు. వేసినప్పుడల్లా బాబాయికి వారం రోజులు గడ్డుకాలం. కూరగాయల కొట్టు ఆవిడ తూకం వేస్తూ వేస్తూ ఆపి, "పసిదాన్ని అలా వదిలెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయయ్యా?" అని నిలదీసేది.

"నేను తిరిగొస్తానమ్మా! ఆ సీను తీశారు, కానీ పోయింది" అనేవాడు బాబాయి.

"ఆ, వస్తావులే" అని ఆవిడ సంచీ చేతికిచ్చేది.

పెళ్ళిచూపుల్లో పిన్ని వాళ్ళ నాయనమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసి మొదట అడిగిన ప్రశ్న, "ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?" బాబాయి బెదిరిపోయి, "వాళ్ళింట్లోనే ఉందండీ, బడికి వెళ్తోంది, లెక్కల్లో కొంచెం వెనకబడిందట" అన్నాడు. లోపలి గదిలో పిన్ని నవ్వలేక చచ్చింది. ఆ లెక్కల మాట విన్నాకే ఈ మనిషిని చేసుకోవచ్చని నిశ్చయించుకుందట.

కొన్ని నవ్వుకునేవి కావు. బాబాయికి ఒక స్కూలు వ్యాను నడిపే పని దొరికింది. ఆయనకు పిల్లలంటే ప్రాణం. నాలుగు రోజులు తిరగకముందే తల్లులు గుమిగూడి పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళారు. సినిమా వేరు, మనిషి వేరని వాళ్ళకు తెలియక కాదు. అయినా ఆ మొహం చూస్తే పిల్లల్ని వ్యాను ఎక్కించడానికి మనసొప్పడం లేదన్నారు. పెద్ద మేడమ్ చాలా నొచ్చుకుంటూనే వద్దంది. ఆ తరువాతే ఆయన అద్దాల షాపులో చేరాడు. అద్దాలకు తల్లులుండరు కదా అని పిన్నితో జోకేశాడు. పిన్ని నవ్వలేదు.

అన్నిటికన్నా ఆయన్ని కోసింది సొంత కూతురి సంగతి. బళ్ళో ఎవరో పిల్లలు "మీ నాన్న స్టేషన్‌లో వదిలేసే నాన్నట" అన్నారు. ఆ రోజునుంచి ఆ పిల్ల బడి గేటు దగ్గర దిగేటప్పుడు తండ్రి చొక్కా పట్టుకుని వదిలేది కాదు. "సాయంత్రం నువ్వే వస్తావుగా?" అని అడిగేది. వస్తానంటే, "ఒట్టు?" అనేది. ఒక్క సాయంత్రం కూడా బాబాయి ఆలస్యం చేసి ఎరగడు. మధ్యలో డెలివరీ ఉన్నా సరే, వ్యానులో అద్దాలతో సహా గేటు దగ్గర ముందే వచ్చి నిలబడేవాడు. తిరిగొస్తానన్న మాట ఎవరికైనా చెప్పడం అప్పుడే మానేశాడు. నమ్మేవాళ్ళు లేరు సరే, చెప్పగా చెప్పగా తనకే అనుమానం పట్టుకుంది, అసలా సీను తీశారా లేక నేను కలగన్నానా అని.

అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు ఆగలేదు కానీ పలచబడ్డాయి. కష్టం వస్తే ఒకరికొకరు ముందుంటారు. ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకోవడం మాత్రం ఎప్పుడో పోయింది. ఆవిడ తరువాత తీసిన సినిమాలు వేటికీ ఆయన వ్యాను నడపలేదు. ఆవిడ అడగలేదు, ఆయన వస్తాననలేదు.

మ్యూజియం మేడమ్ ఫోన్ చేసినట్టుంది, మర్నాడు డైరెక్టరమ్మ చేతికర్ర పట్టుకుని బాబాయి ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లో స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎవర్రా ఆ అన్నయ్య? నాకు తెలీకుండా అమ్మ ఎప్పుడు కన్నది?"

పిన్ని గిన్నెలు కడుగుతున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టింది.

"చెప్పడానికే వచ్చాను. కూర్చో. రీలు దొరికింది."

"ఏ రీలు?"

"ఏ రీలు ఏంట్రా? నీ రీలే. ఆ పాత లాబ్ మూసేస్తూ డబ్బాలన్నీ మ్యూజియం వాళ్ళకి ఇచ్చేశారు. సబ్బు ప్రకటన అని రాసున్న డబ్బాలో మనది ఉంది. పాడవలేదు. తప్పు డబ్బాలో పడిందంతే. ఆ మేడమ్ బెంచీ చూసి గుర్తుపట్టింది."

ఆయన ఎగిరి గంతేస్తాడనుకుంది పిన్ని. ఆయన మొహం పాలిపోయింది.

"దాన్ని చూపించొద్దక్కా" అన్నాడు.

"ఏం?"

"ఇన్నాళ్ళూ నన్ను చెడ్డవాడనుకున్నారు. ఇప్పుడు చేతకానివాడు కూడా అనుకుంటారు. నేనే చెడగొట్టానని నాకు తెలుసు. అందుకేగా నువ్వు తీసేశావు? రీలు పోయిందని నా కోసం చెప్పావు."

డైరెక్టరమ్మ మరదలి వైపు చూసింది. పిన్నికీ ఈ మాట కొత్తే. గిన్నె చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"ఇన్నేళ్ళూ నీ మనసులో ఉన్నది ఇదా?"

"నువ్వు మొహం తిప్పుకుని వెళ్ళిపోయావుగా."

"ఏడుపొచ్చి వెళ్ళాన్రా పిచ్చి సన్నాసీ!" అక్క గొంతు పెరిగింది. "యూనిట్ ముందు ఏడిస్తే రేపు నా మాట ఎవడు వింటాడని కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను. అడగొచ్చుగా! ఒక్కసారి అడగొచ్చుగా!"

"అవునంటావని భయం."

పిన్ని గిన్నె కింద పెట్టింది. అప్పుడు అక్క గొంతు తగ్గించి ఉన్న విషయం చెప్పింది.

"సీను బాగుందో లేదో మాత్రం నేను చెప్పలేను. కెమెరా పక్కన నిలబడి చూసేది వేరు, తెర మీద పడేది వేరు. నేనూ చూడలేదు. మ్యూజియం వాళ్ళు వేసి చూపిస్తామన్నారు. మా తమ్ముడు లేకుండా చూడనన్నాను. బాగా రాకపోతే ఇద్దరం కలిసే తలదించుకుందాం. వస్తావా, రావా?"

బాబాయి పిన్ని వైపు చూశాడు. "వస్తారు వదినా. నేను తీసుకొస్తాను" అంది పిన్ని.

ప్రారంభం రోజు మధ్యాహ్నం వీధిలో సగంమందిమి వెళ్ళాం. మ్యూజియం వెనక చిన్న సినిమా హాలు నిండిపోయి, గోడల వెంట కూడా జనం నిలబడ్డారు. బాబాయి తలుపు పక్క సీటు చూసుకుని కూర్చోబోతే, పారిపోవడానికి వీలుగా ఉంటుందని ఆయన ఎత్తు కనిపెట్టి, పిన్ని ఆయన్ని వరస మధ్యలోకి నెట్టింది. ఒక పక్క అక్క, ఇంకో పక్క కూతురు. వాళ్ళ వెనక వరసలో నేను. దొరికిన భాగానికి శబ్దం లేదని, బొమ్మ మాత్రమే ఉందని మ్యూజియం మేడమ్ ముందే చెప్పింది.

సినిమా మొదలైంది. నాకు అంతకుముందు తెలిసిన సినిమాయే. అయినా ఆ మనిషి ఎదురుగానే ఉండగా చూడటం వేరుగా ఉంది. తెర మీద కుర్రవాడు రైలెక్కుతుంటే, ముందు వరసలో బాబాయి తెల్లజుట్టు తల కిందికి వంగిపోయింది. పిల్ల బెంచీ మీద కాళ్ళు ఆడిస్తూ కూర్చుంది. ఆ కాళ్ళు నేలకు అందవు. సాయంత్రమైంది. స్టేషన్ ఊడ్చే ఆవిడ తన శాలువా తెచ్చి పిల్లకు కప్పింది. పిల్ల పట్టాల వైపు చూసింది. తెర చీకటైంది.

ఆ చీకటి తరువాత లైట్లు వెలగడం అందరికీ అలవాటు. ఈసారి వెలగలేదు. ఒక్క క్షణం ఆగి, తెర మీద గీతలు గీతలుగా వెలుతురు వచ్చింది. ఒక రైలు వచ్చి ఆగింది. దూరంగా చివరి పెట్టెలోంచి కోటు వేసుకున్న మనిషి దూకి, పరుగెత్తుకుంటూ వచ్చాడు. బెంచీ మీద నిద్రపోతున్న పిల్ల కనబడగానే ఆగిపోయాడు. దగ్గరికి రావడానికి భయపడ్డాడు. ఒక్కో అడుగే వేసి, బెంచీ చివర అంచున, పరాయి మనిషిలా కూర్చున్నాడు.

అప్పుడు హాల్లో వెనకనుంచి ఎవరో ముసలావిడ గట్టిగా అనేసింది.

"హమ్మయ్య, వచ్చాడు!"

హాలంతా గొల్లుమంది. పట్టిన ఊపిరి అందరూ ఒక్కసారి వదిలారు.

తెర మీద పిల్ల కళ్ళు తెరిచింది. తండ్రిని చూసింది. అప్పటికి ఊడని ముందు పళ్ళతో ఏదో అంది. అతను ఫక్కున నవ్వాడు. నవ్వుతూ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. చేతులు తీశాక మొహమంతా తడి. నవ్వు ఇంకా ఆగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు. పిల్ల తన శాలువా అంచు తీసి అతని మీద వేసింది. రీలు అక్కడితో అయిపోయింది.

బాబాయికి తాను నవ్వినట్టే గుర్తు. ఏడ్చినట్టు గుర్తు లేదు. అంతమంది ముందు, వయసు మళ్ళిన మనిషి, అక్క భుజం మీద తల పెట్టేశాడు. అక్క ఆయన తల నిమురుతూ, "బాగుంది కదరా? బాగా వచ్చింది కదరా?" అని చిన్నపిల్లలా అడుగుతోంది. కూతురు తండ్రి జేబులోంచి రుమాలు లాక్కుని ముక్కు చీదుకుంది. ఆయన ముంజేయి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

లైట్లు వేశాక ప్రశ్నలు మొదలయ్యాయి. డైరెక్టరమ్మను వేదిక మీదికి రమ్మంటే, మెట్లెక్కలేనని సీట్లోంచే లేచి నిలబడింది. కళ్ళజోడు కుర్రవాడొకడు మైకు తీసుకుని, పాత ముగింపులో ఉన్న కాఠిన్యమే ఈ సినిమాకు ప్రాణమని, ఈ కొత్త ముగింపుతో అది మెత్తబడిందని కొంత సేపు చెప్పాడు.

"బాబూ, నువ్వు మెచ్చుకునేది నన్ను కాదు, లాబ్ వాళ్ళని" అంది డైరెక్టరమ్మ. "నేను రాసింది వాడు తిరిగొస్తాడనే. ఆ ముగింపు నేను తీసింది కాదు, పోగొట్టుకోగా మిగిలింది."

అందరూ నవ్వారు. కుర్రవాడూ నవ్వాడు. అయినా పాతదే తనకిష్టమన్నాడు. "సరే, నీ ఇష్టం నీది" అంది ఆవిడ.

అప్పుడు ఇందాకటి ముసలావిడ లేచింది. "అమ్మా, ఆ పిల్ల లేవగానే ఏమంది? వినబడలేదు."

"నాకూ తెలీదండీ. నేను దూరంగా ఉన్నాను. రాసిచ్చిన మాట మాత్రం కాదు. వాడికే తెలియాలి" అని అక్క తమ్ముడి వైపు చూసింది.

మైకు బాబాయి చేతికి వచ్చింది. ఆయన దాన్ని పాలగ్లాసులా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇందాకటిదాకా నాకూ గుర్తులేదండీ. నవ్వానన్నదే గుర్తు. ఎందుకు నవ్వానో మర్చిపోయాను. ఇప్పుడు పాప పెదాలు చూశాక గుర్తొచ్చింది." గొంతు సవరించుకున్నాడు. "'నాన్నా, నీకు ఉంచలేదు, బిస్కెట్లన్నీ నేనే తినేశాను' అంది. తప్పు చేసినదానిలా మొహం పెట్టి అంది. నేను కదా తప్పు చేసింది... అంటే, సినిమాలో. అందుకని నవ్వొచ్చింది."

చప్పట్లు చాలాసేపు కొట్టారు. "ఈ మాట నాకెందుకు చెప్పలేదురా?" అని అక్క మైకులోనే కసిరింది. "గుర్తులేదంటున్నాగా!" అని ఆయనా మైకులోనే అన్నాడు. జనం మళ్ళీ నవ్వారు.

బయటకు వస్తుంటే తెలియనివాళ్ళు వచ్చి బాబాయి చెయ్యి ఊపి వెళ్ళారు. మా కూరగాయల కొట్టు ఆవిడ కూడా వచ్చింది. ఆయన భుజం మీద ఒక్కటి గట్టిగా చరిచి, కళ్ళు తుడుచుకుంటూ పోయింది. కూతురు కారు తీసుకురావడానికి వెళ్తూ, "ఇక్కడే ఉండు నాన్నా, ఇప్పుడే వస్తాను" అని, తన మాట తనకే తట్టి పగలబడి నవ్వింది. బాబాయి కూడా నవ్వాడు. ఆ విషయం మీద తండ్రీకూతుళ్ళు కలిసి నవ్వడం పిన్ని అదే మొదటిసారి చూసిందట.

ఈలోగా మేమంతా మ్యూజియం కాంటీన్‌లో టీ తాగాం. డైరెక్టరమ్మ తనకు షుగరుందన్న సంగతి మర్చిపోయినట్టు నటించి తమ్ముడి ప్లేట్లోని కేకు తినేసింది. పిన్ని కోప్పడింది. బాబాయికి సినిమా కబుర్లు చాలనిపించినట్టుంది.

"అక్కా, మీ మేడ మీద నీళ్ళ టాంకు ఇంకా కారుతోందా?"

"కారుతూనే ఉంది. ప్లంబరు ఇవాళ రేపు అంటున్నాడు."

"వాడి మొహం. ఆదివారం నేనొస్తాను."

"నిచ్చెన లేదు."

"వ్యానులో పడేసుకొస్తాలే."

"భోజనానికే వచ్చెయ్యండి ఇద్దరూ. నేను వండుతాను."

"నువ్వు వండుతావా?" అన్నాడు బాబాయి అనుమానంగా. "అయితే తినేసే వస్తాం."

డైరెక్టరమ్మ చేతికర్ర ఎత్తింది. ఆయన కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. పిన్ని ఇద్దరి టీ కప్పులూ పక్కకు జరిపి, వాళ్ళు ఎంతసేపు పోట్లాడుకుంటే అంతసేపు చూద్దామన్నట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.